కలి ప్రవేశించిన ఆట

మొన్న వేసవిలో మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ ఒక పెట్టె మోసుకొచ్చాడు. విప్పి చూస్తే ఒక ఆట! పరిస్తే మా భోజనాలబల్లను ముప్పాతిక వంతు కప్పే అట్ట, వందలకొద్దీ చీటీలు, గదులకు గుర్తుగా షట్కోణపు బిళ్ళలు, బొటనవ్రేలంత మొదలు పిడికిలంత వరకు రకరకాల భూతాల బొమ్మలు. కవిత్రయ భారతం సంపుటాలన్నీ పేర్చి తూచినా ఆ పెట్టెతో తూగవేమో. పేరు నెమెసిస్. గ్రీకు పురాణాలలో గర్వించినవారిని దండించే దేవత పేరు అది. ఇక్కడ మాత్రం ఒక అంతరిక్షనౌక పేరు. పోలండు దేశంలోని అవేకెన్ రెల్మ్స్ అనే సంస్థ 2018లో కిక్‌స్టార్టర్ ద్వారా ముందుగా చందాలు పోగుచేసుకొని తయారుచేసింది. రూపకర్త ఆడమ్ క్వపిన్‌స్కీ.

ఈ ఆటలకు ఒక వ్యాపారధర్మం ఉన్నదట. మూలం కొన్నవారికి విసుగు పుట్టకుండా దానికి కొత్త భాగాలు చేర్చి వేరుగా అమ్ముతారు. వాటిని ఎక్స్‌పాన్షన్ అంటారు. "దీనికి తెలుగేమిటి తాతయ్యా?" అని మా మనవడు నన్ను పరీక్షకు పెట్టాడు. విస్తరణ అన్నాను, పొడిగింపు అన్నాను, నాకే రుచించలేదు. చివరకు 'ఖిలం' అన్నాను. భారతానికి హరివంశం ఖిలభాగం కదా! మూలం లేనిదే అది నిలువదు. అది లేకపోతే మూలానికి లోటు లేదు. కాని ఒకసారి చదివినవాడు మూలాన్ని మునుపటి కంటితో చూడలేడు. వాడికి మాట నచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలందరూ "ఖిలం తియ్యండి, ఖిలం వేసి ఆడదాం" అంటున్నారు. ముప్పైయేళ్ళకు పైగా తెలుగు చెప్పిన నాకు ఈ మాత్రం గురుదక్షిణ చాలు.

ఆ ఖిలం పేరు వాయిడ్ సీడర్స్. శూన్యంలో బీజాలు నాటేవారని చెప్పుకోవచ్చు. ఈ టపా దాని గురించే. పిల్లలాటల మీద పండితుడికి అభిప్రాయమేమిటని మిత్రులు నవ్వుకున్నా ఫరవాలేదు. రెండు రాత్రులు ఆ ఆట ఆడి, మూడవ రాత్రి నిద్రపట్టక ఇది వ్రాస్తున్నాను.

ముందు మూలం సంగతి. నౌకలోని వారు దీర్ఘనిద్రలో నుంచి మేల్కొంటారు. మత్తు వదలక జ్ఞాపకం మందగించి ఉంటుంది. తాము తిరిగిన నౌకలో ఏ గది ఎక్కడున్నదో వారికే తెలియదు. అందుకే బిళ్ళలన్నీ బోర్లించి ఉంటాయి. పక్కనే తోటివాని శవం. అడుగు వేసి గది మారినప్పుడు పాచిక వేయాలి. ఏ నడవలో చప్పుడైనదో పాచిక చెబుతుంది. అక్కడొక గుర్తు పెడతారు. గుర్తున్న నడవలోనే మళ్ళీ చప్పుడైతే మృగం మీద పడుతుంది. 1979లో వచ్చిన ఏలియన్ చిత్రం చూసినవారికి ఈ వంశవృక్షం వేరుగా చెప్పనక్కరలేదు.

అంతవరకైతే అది ఒక వేట. అసలు కిటుకు మరొకటి ఉన్నది. ఆడేవారికి ఒక్కొక్కరికి రెండేసి రహస్యపు పనులు చీటీలలో ఇస్తారు. ఒకటి తన సొంతం, ఒకటి యజమానుల ఆజ్ఞ. మొదటి మృగం కనబడగానే వాటిలో ఒకటి వదులుకొని ఒకటి ఉంచుకోవాలి. ఉంచుకున్నదేమిటో ఎవరికీ చెప్పరు. ఒకని పని నౌకను క్షేమంగా భూమికి చేర్చటం కావచ్చు. మరొకని పని, ఫలానావాడు బ్రతికి బయటపడకుండా చూడటం కావచ్చు. యంత్రాలు బాగున్నాయో లేవో చూసి వచ్చినవాడు మిగిలినవారికి నిజం చెప్పాలని నియమం లేదు. నౌక ఎటు పోతున్నదో చూసినవాడూ అంతే.

ఇంకొక నియమం నన్ను నిలువునా ఆపింది. తోటివానిని తన చేతితో కొట్టటానికి వీలులేదు. తలుపు వేయవచ్చు!

మన పులిజూదం గుర్తు చేసుకోండి. మూడు పులులు, పదిహేను మేకలు. గుడి అరుగుమీదా సత్రపు బండలమీదా చెక్కి ఉండే ఆ గీతలలో మోసానికి తావు లేదు. పులి ఎవరో మేకకు తెలుసు. మేకలు దడి కడితే పులి చిక్కుతుంది, ఏమరితే మేక పోతుంది. వైకుంఠపాళిలోనూ అంతే. ముక్కోటి ఏకాదశినాటి జాగరణలో మా ఇంట పరిచే పటంలో 132 గడులు. పాములు నోళ్ళు తెరుచుకొని అందరికీ కనబడుతూనే ఉంటాయి. గవ్వలు పడ్డట్టు పడితే ఎక్కుతాం, లేకుంటే మ్రింగించుకొని జారుతాం. ఎదుటివాడి మనసులో ఏమున్నదో ఊహించవలసిన పని లేదు.

భయం మాకు కొత్త కాదు. చందమామను స్థాపించిన చక్రపాణిగారిది మా తెనాలే. అందులో 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి ఏళ్ళతరబడి మాంత్రికులనూ రాకాసిలోయలనూ పాతాళదుర్గాలనూ సృష్టించిన దాసరి సుబ్రహ్మణ్యంగారూ తెనాలి చేరువ పల్లెవారే. చిత్రాగారి బొమ్మలు చూసి రాత్రి దొడ్లోకి పోవటానికి జంకిన తరం మాది. అయితే ఆ భయానికి ఆకారం ఉండేది. కొమ్ములో, కోరలో, ఒంటికన్నో. పుస్తకం మూస్తే అది లోపలే ఉండిపోయేది. అప్పటికి అలా అనుకున్నాం.

మొదటి రాత్రి ఐదుగురం కూర్చున్నాం. మా అబ్బాయి, మనవడు, వాడి చెల్లెలు, పక్కింటి కుర్రవాడు, నేను. నాకు శాస్త్రవేత్త వేషం దక్కింది (ఇంటర్మీడియట్‌లో భౌతికశాస్త్రం తప్పినవాడికి ఇంతకంటె సన్మానం ఏముంటుంది!). నడుమ కరెంటు పోయింది. ఆపుదామంటే పిల్లలు ఒప్పుకోలేదు. కొవ్వొత్తి వెలుగులో ఆడాం. నా మనవడు ఎంతో వినయంగా "తాతయ్యా, మీరు ముందు వెళ్ళండి, వెనుక నేను వస్తాను" అన్నాడు. నేను గదిలోకి వెళ్ళగానే తలుపు వేశాడు. అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. ఆట బాగుంది, దాచుకోవటమెందుకు? అనుమానమనేదాన్ని ఇంత చక్కగా నియమాలలో కూర్చినవాడి బుద్ధికి నమస్కరించవలసిందే.

రెండవ రాత్రి ఖిలం తీశారు. మృగాలకు బదులు ఇందులో మరొక జాతి. ఇది గోళ్ళకంటె ఎక్కువగా మనస్సును పట్టుకొని పీడిస్తుంది. మూలంలో ఒక చీటీ మీద ఎర్రని బిళ్ళ పెట్టి చూస్తే తప్ప, తన శరీరంలో పురుగు ఉన్నదో లేదో ఆడేవానికే తెలియదు. ఖిలంలో ఆ పురుగు శరీరం విడిచి బుద్ధిలోకి చేరింది. లేనివి కనబడతాయి, భ్రాంతులు కలుగుతాయి, ఉన్మాదపు చీటీలు చేతికి వస్తాయి. నాకొకటి వచ్చింది. "తాతయ్యకు పిచ్చెక్కింది! ఇంక ఆయన్ని వదిలేసి మనం పోదాం" అన్నాడు పక్కింటి కుర్రవాడు. తప్పు వాడిది కాదు. ఆటలో అది మంచి ఎత్తే. మతి తప్పినవాడిని మోసుకుంటూ తిరిగితే అందరూ మునుగుతారు. నేను కళ్ళజోడు సరిగా లేదని చెప్పి లేచి వరండాలోకి వచ్చాను.

ఎందుకు లేచానో పిల్లలకు చెప్పలేదు. ఇక్కడ చెబుతాను.

మా స్వస్థలం బాపట్ల. మా అక్కయ్యను రేపల్లెకు దక్షిణాన ఒక పల్లెకు ఇచ్చారు. 1977 నవంబరు 19, శనివారం రాత్రి దివిసీమను ఊడ్చిన ఉప్పెన ఆ పల్లెనూ వదలలేదు. నాకప్పుడు ఇరవై యేళ్ళు, భాషాప్రవీణ చదువుతున్నాను. తాటిచెట్టెత్తు నీరు వచ్చిందని బ్రతికినవారు చెప్పుకున్నారు. బావా అక్కయ్యా ఒక తుమ్మచెట్టును పట్టుకొని బ్రతికారు. చంటిపిల్ల దక్కలేదు. ఆ రాత్రి గాలికి తలుపు కొట్టుకుంటున్నదని ఎవరో గడియ పెట్టారట. నీరు చేరి బిగుసుకున్నాక అది తెరుచుకోలేదు. కప్పు చీల్చుకొని బయటపడ్డారు.

సంక్రాంతికి ముందు అక్కయ్యను బాపట్ల తీసుకొచ్చాం. పగలు బాగానే ఉండేది. పొద్దు వాలితే చెవి నేలకు ఆనించి వినేది. "చప్పుడు వినలేదూ? వస్తున్నది" అనేది. పాతబట్టలన్నీ తెచ్చి గడపల క్రింద కుక్కేది. మా ఇంటికి సూర్యలంక సముద్రం ఐదారు మైళ్ళు. గాలి అటు నుంచి వీచే రాత్రులలో నిజంగానే సన్నని హోరు వినబడుతుంది. అందువల్ల ఆమెకు వినబడేది అబద్ధమని గట్టిగా అనటానికి మాకు నోరు వచ్చేది కాదు. ఏది సముద్రమో ఏది ఆమె తలలోనిదో కొన్ని రాత్రులు మాకూ తెలియలేదు. నేను కూడా చాపమీద పడుకొని చెవి నేలకు ఆనించి విన్నాను. విన్నానని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

దానికంటె కష్టమైనది మరొకటి. ఇంటికి వచ్చిన ప్రతివారినీ "తలుపు ఎవరు వేశారు?" అని అడిగేది. అమ్మను అడిగేది, నన్ను అడిగేది, పాలవాడిని అడిగేది. ఆ రాత్రి మేమెవ్వరం అక్కడ లేమన్న సంగతి ఆమెకు పట్టేది కాదు. ఇరుగుపొరుగువారు గాలి సోకిందన్నారు, భూతవైద్యుణ్ణి పిలవమన్నారు. తమ పిల్లలను మా గుమ్మం తొక్కనివ్వలేదు. పేరంటాలకు పిలుపు మానేశారు. ఏ ఒక్కరూ చేయి చేసుకోలేదు, మాట తూలలేదు. తలుపులు వేసుకున్నారంతే. ఆ గడియ పెట్టింది ఎవరో నేటికీ మాకు తెలియదు. తానే పెట్టిందేమోనని నాకొక అనుమానం. ఎన్నడూ అడగలేదు.

గుంటూరులో ఒక వైద్యునికి చూపించాం, మందులు వాడింది, అవి పనిచేశాయి. ఈ మాట స్పష్టంగా వ్రాయటం నా ధర్మం, ఎందుకంటే తరువాత చెప్పబోయేది చదివి మందుల బదులు గవ్వలు చాలునని ఎవరూ అనుకోకూడదు. మా అమ్మ రోజూ దీపాలవేళకు ముందు నడవలో ముగ్గుపిండితో అష్టాచెమ్మా గళ్ళు గీసేది. ఐదైదులు ఇరవై అయిదు గళ్ళు. నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. చప్పుడు వినబడే వేళకు అక్కయ్యను ఎదురుగా కూర్చోబెట్టి, వేసిన పందెం పైకి లెక్కపెడుతూ కాయ నడపమనేది. ఒకటి, రెండు, మూడు. లెక్క తప్పితే మళ్ళీ మొదటినుంచి. అమ్మ అక్షరం ముక్క చదువుకోలేదు. ఆటలో అమ్మ పాటించిన సొంత నియమం ఒకటుండేది. అక్కయ్య కాయను తన కాయ ఎన్నడూ చంపదు. అవకాశం వచ్చినా మరొక కాయ నడిపేది. అక్కయ్యకు అది తెలియదనుకుంటాను. ఎనిమిది తొమ్మిది నెలల తరువాత ఒక సాయంత్రం అక్కయ్యే అమ్మ కాయను చంపి "పడ్డావా!" అని నవ్వింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని వంటింట్లోకి వెళ్ళింది.

వరండాలో కూర్చొని ఇవన్నీ తలచుకుంటుంటే నాకు నలుడు గుర్తుకు వచ్చాడు. గుర్తుకు రాకుండా ఎలా ఉంటాడు? పండితుడికి ఏ దెబ్బ తగిలినా మందు భారతంలోనే వెతుకుతాడు.

జూదమంటే మనవారికి వెంటనే ధర్మరాజు స్ఫురిస్తాడు. కాని ధర్మరాజు కథలో మోసం బయటిది. శకుని ఎదురుగానే ఉన్నాడు. నలుని కథలో ఆడేవాని లోపలికే ఒకడు వచ్చి కూర్చున్నాడు. స్వయంవరం తరువాత పన్నెండేళ్ళు కలి కాచుకొని కూర్చున్నాడట. ఒకనాడు నలుడు కాళ్ళు కడుగుకొనకుండా సంధ్య వార్చాడు. ఆ సందు చాలింది. కలి మనిషిలో ప్రవేశించాడు, ద్వాపరుడు పాచికలలో ప్రవేశించాడు. మూలమూ ఖిలమూ రెండూ ఒకేసారి! తమ్ముడు పుష్కరునితో నెలల తరబడి ఆట. పౌరులు వాకిట నిలిచారు, మంత్రులు వచ్చారు, దమయంతి ఏడ్చింది. అతడు ఎవరికీ బదులు పలుకలేదు. అడవిలో కట్టుబట్టతో మిగిలినప్పుడు, బంగారు రెక్కల పక్షులను పట్టబోయి మీద బట్ట విసిరితే అవి బట్టతో సహా ఎగిరిపోయాయి. మేమే పాచికలం, నీ ఒంటిమీద బట్ట ఉండటం మాకిష్టం లేక వచ్చామని ఆకాశం నుంచి చెప్పాయి. తరగతిలో ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా వెనుక బెంచీలవారు కూడా నిశ్శబ్దమయ్యేవారు. రెక్కలు వచ్చిన పాచికలు! వ్రోత్స్వాఫ్ నగరంలో కూర్చొని ఎంత ఆలోచించినా ఇంతకంటె భయంకరమైన చీటీ వ్రాయగలరా?

తరువాత నలుడు నిద్రిస్తున్న భార్య చీర సగం కోసుకొని వెళ్ళిపోయాడు. పోతూ వెనక్కు వచ్చాడు, వచ్చి మళ్ళీ పోయాడు. లోపల ఇద్దరు లాగుతున్నారు కనుక. ఇక్కడ దమయంతి ఏమి చేసిందో చూడండి. విలపించింది, నిష్ఠూరాలాడింది, కాని శాపం పెట్టవలసి వచ్చినప్పుడు నలునికి పెట్టలేదు. ఎవరి వల్ల అతనికి ఈ దుఃఖం కలిగినదో ఆ భూతానికి పెట్టింది. మనిషినీ మనిషికి పట్టినదాన్నీ వేరుచేసి చూడగలిగింది. మా పేటలో అప్పట్లో ఆ పని చేసినవారు ఇద్దరో ముగ్గురో.

ఆపైన కర్కోటకుని సంగతి. కార్చిచ్చులో చిక్కిన ఆ పామును నలుడు ఎత్తుకొని నడుస్తూ, దాని మాటమీదే అడుగులు లెక్కించాడు. పదవ అడుగు దగ్గర 'దశ' అనగానే అది కాటువేసింది. ఆ మాటకు పది అనీ, కరువుమనీ రెండర్థాలు. శ్లేష కోసం ప్రాణాల మీదికి తేవటం మన కవులకే చెల్లు! కాని ఆ విషం నలుని బాధించలేదు, లోపలున్న కలిని కాల్చింది. వైకుంఠపాళిలో పాము నోట పడితే పతనమే. ఇక్కడ పాము కాటే ఔషధం. చివరకు ఋతుపర్ణుడు రథం మీద పోతూ ఒక చెట్టు ఆకులనూ కాయలనూ చూసిన చూపులో లెక్క చెప్పాడు. నలుడు రథం ఆపి, చెట్టు నరికి, ఒక్కటొక్కటిగా లెక్కపెట్టి సరిచూసుకున్నాడు. అక్షహృదయమనే ఆ విద్య గ్రహించగానే కలి విషం కక్కుకుంటూ బయటికి వచ్చి ఆ చెట్టులోనే దూరాడు. అది విభీతకవృక్షం, మన తాండ్రచెట్టు. త్రిఫల చూర్ణంలో వేసే తానికాయ దానిదే. పూర్వం జూదరులు పాచికలుగా వాడినవీ ఆ కాయలే. ఏ కాయలతో చెడ్డాడో ఆ కాయలనే లెక్కించి బాగుపడ్డాడు.

అమ్మ ముగ్గుపిండి గళ్ళు నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆరణ్యపర్వం పిల్లలకు పాఠం చెబుతూ, ఆ చెట్టు దగ్గర గొంతు పూడుకుపోయి, పుస్తకం మూసి బయటికి వచ్చినరోజున అర్థమైంది.

ఇక నా అభిప్రాయం. మతిస్థిమితాన్ని అంకెలతో కొలిచి ఆటలో పెట్టటం ఈ పోలండువారితో మొదలు కాలేదు. 1981లో అమెరికాలో శాండీ పీటర్సన్ అనే ఆయన కాల్ ఆఫ్ క్తుల్హు అనే ఆటలో, భూతాన్ని చూసిన కొద్దీ ఇన్ని మార్కుల చొప్పున తగ్గే మతిని ప్రవేశపెట్టాడు. 1987లో వచ్చిన ఆర్ఖామ్ హారర్ దాన్ని అట్టమీదికి తెచ్చింది. అప్పటినుంచి మతి పోవటమనేది రక్తం పోవటం వంటి ఒక నష్టం, చిట్టాలో ఒక పద్దు. వాయిడ్ సీడర్స్‌ ఆ దారిలోనిదే, నైపుణ్యంలో మాత్రం ఒక మెట్టు పైన ఉన్నది. చప్పుడు విని ఇది నిజమా అని తడుముకొనే ఆ ఒక్క క్షణాన్ని అది అచ్చంగా పట్టుకున్నది. చాపమీద చెవి ఆనించినవాడిని కనుక చెబుతున్నాను, ఆ క్షణం అలాగే ఉంటుంది.

అది తప్పిన చోటు మరొకటి. మతి చెడినవాడు తక్కినవారికి ఏమవుతాడు అన్న ప్రశ్నకు ఈ ఆటలో ఒకటే జవాబు. బరువు, లేదా ప్రమాదం. తలుపు వేయటానికి నియమం ఉన్నది. పక్కన కూర్చోవటానికి ఉన్నదేమోనని మనవడిచేత నియమాల పుస్తకమంతా వెతికించాను, మేము ఆడిన ఆటలో నాకు అలాంటిది దొరకలేదు. అదే పోలండులో 1961లో స్తానిస్లావ్ లెమ్ సొలారిస్ అనే వైజ్ఞానిక నవల వ్రాశాడు. ఒక గ్రహాన్ని ఆవరించిన సముద్రం, అక్కడికి పోయినవారి మనసులలోని పాత గాయాలనే మనుషులుగా చేసి వారి ముందు నిలబెడుతుంది. కథానాయకుడికి తన వల్ల ప్రాణం తీసుకున్న భార్య ఎదురవుతుంది. మొదట భయంతో ఆమెను రాకెట్టులో పెట్టి పంపివేస్తాడు. మళ్ళీ వస్తుంది. రెండవసారి పంపడు. సముద్రం మనసుతో ఆడుకోవటం గురించి అంత లోతుగా వ్రాసినవాడు పుట్టిన భాషలోనే ఈ ఆటా పుట్టింది. ఆ 'రెండవసారి' ఆటలోకి రాలేదు. అదే నా ఫిర్యాదు.

ఉత్త ఆటకు ఇంత రాద్ధాంతమా అంటారని తెలుసు. ఉత్త ఆట అనేది నేను ఎరుగను. పదేళ్ళ పిల్లవాడు ఆటలో నేర్చిన ఎత్తు అరవైయేళ్ళకు కూడా చేతిలోనే ఉంటుంది. అమ్మ తన కాయను పక్కకు నడపటం చూసినవాడిని నేను. మా పేటవారు తలుపులు వేసుకోవటం కూడా చూశాను. వారూ చెడ్డవారు కారు, భయపడ్డారు. ఆట నిషేధించాలని నేను అనటం లేదు, నిషేధాల మీద నాకు నమ్మకం లేదు. ఖిలానికి మరొక ఖిలం కావాలంటున్నాను.

మరునాడు మనవడితో ఈ మాటే అన్నాను, అక్కయ్య సంగతి చెప్పకుండా. ఒకే గదిలో ఉన్నవాడు తన వంతు వదులుకొంటే ఎదుటివాని పిచ్చిచీటీ ఒకటి తీసి అవతల పెట్టవచ్చునని నియమం చేద్దామన్నాను. వాడు కాసేపు ఆలోచించి "అప్పుడు భయం తగ్గిపోతుంది తాతయ్యా" అన్నాడు. వాడన్నదీ నిజమే, భయం కోసం డబ్బు పెట్టి కొన్నవారికి భయం తగ్గితే నష్టం. మా అబ్బాయి మాత్రం "తగ్గదురా, దగ్గరికి వచ్చేవాడు సాయానికి వస్తున్నాడో తలుపు వేయటానికి వస్తున్నాడో ఎలా తెలుస్తుంది?" అన్నాడు. ఆ మాటతో వాడి కళ్ళు మెరిశాయి. ఆ రాత్రి నా నియమంతో ఆడారు. నా మనవరాలు రెండుసార్లు వంతు వదులుకొని అన్న చీటీలు తీసింది. వాడు మూడవసారి ఆమెను గదిలో ఉంచి తలుపు వేసి, ఒక్క క్షణం ఆగి, "ఉండు ఉండు, నా ఎత్తు వెనక్కు తీసుకుంటాను" అన్నాడు. తీసుకోకూడదని మిగిలినవారు గొడవ చేశారు. చివరకు నౌక ప్రేలి అందరూ పోయారు. నా నియమం వల్ల ఎవరూ బ్రతకలేదని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

అక్కయ్య ఇప్పుడు బాపట్లలో కొడుకు దగ్గర ఉంటున్నది. డెబ్బైనాలుగేళ్ళు. నిన్న రైలెక్కి పిల్లలను చూడటానికి వచ్చింది. వచ్చేసరికి బల్లమీద అట్ట పరచి ఉన్నది. నేను తీయించబోయేలోగా నా మనవరాలు ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని చెప్పటం మొదలుపెట్టింది, ఇది నౌక, ఇవి గదులు, ఇలా అడుగు వేస్తే పాచిక వేయాలి, ఎక్కడో చప్పుడవుతుంది అని. నేను వాకిట్లోనే నిలబడిపోయాను.

అక్కయ్య ఆ చప్పుడు గుర్తును చేతిలోకి తీసుకొని అటూ ఇటూ త్రిప్పి చూసింది. "ఈ చప్పుడు అందరికీ వినబడుతుందా, ఒక్కరికేనా?" అని అడిగింది.

"అందరికీ, మామ్మా" అన్నాడు మనవడు.

"అయితే నాకూ ఒక బొమ్మ ఇవ్వు" అంది.